పట్టుకున్నవారి బరువు

"దొంగ అని నేను అనలేదమ్మా. పుస్తకం అంటోంది," అన్నాడు సూపర్‌వైజర్.

ఆయన చేతిలో ఉన్నది మిరప అనే ఆ పిల్ల రాసే రికార్డు పుస్తకం. అట్ట మీద గొర్రెపిల్ల నాకిన మరక ఎండి చారలు కట్టింది. ఎవరిదో తడి జేబురుమాలు పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆయన నడి వాకిట్లో నిలబడ్డాడు.

మిరప ఎదురుగా నిలబడి ఉంది. అనాల్సిన మాటలు బోలెడున్నాయి. అన్నీ ఒక్కసారే బయటపడాలని తోసుకున్నాయి.

"పుస్తకం దానంతటది ఏమీ అనదు సార్. అందులో ప్రతి అక్షరం నేను రాసిందే," అంది చివరికి.

"నేనూ అదే అంటున్నా." ఆయన పేజీలు తిప్పాడు. "గొర్రెల సంఘం నీకు పొట్టేలు పిల్లనిచ్చింది. దాణా బస్తాలిచ్చింది. పొద్దున ఇంత పెట్టాను, సాయంత్రం ఇంత పెట్టాను అని రాశావు. నట్టల మందు తాగించానని రాశావు. కుంటితే కట్టు కట్టానని రాశావు. చక్కగా రాశావు, కాదనను. మరి బరువు? ఇరవై. పై వారం ఇరవై. ఆ పై వారం ఇరవైన్నర. మళ్ళీ ఇరవై! బస్తాలు ఖాళీ అవుతున్నాయి, జీవం మాత్రం పెరగడంలేదు. తింటే పెరగాలి. పెరగలేదంటే తినలేదు. మరి ఆ దాణా తిన్నదెవరు?"

"ఆ పిల్లే, నా నల్లమూతే తింది!"

"తిని ఎక్కడ దాచుకుంది?"

మెట్ల మీద కూర్చుని గుండీలు ఏరుతున్న నాయనమ్మ తలెత్తింది. ఇంటి ముందు పాత ఇనుము కొట్టులో డబ్బాలు చదును చేస్తున్న సుత్తి చప్పుడు ఆగింది. లోపల అమ్మ కుట్టుమిషను చప్పుడు మాత్రం ఆగలేదు. ఇంకాస్త జోరందుకుంది.

"ఒక్కసారి పెరట్లోకి వచ్చి దాన్ని చూడండి సార్. మెడపట్టీ రెండుసార్లు వదులు చేశాను. చిన్న రంధ్రం నుంచి పెద్ద రంధ్రానికి మార్చాను. వచ్చి చూడండి."

"చూడ్డానికేముంది? ఉన్నదంతా ఇందులో ఉండాలి. అందుకేగా పుస్తకం పెట్టింది. నేనింకా చాలా ఇళ్ళు తిరగాలి."

పెరడు ఆయన నిలబడ్డ చోటికి పది అంగల దూరం కూడా లేదు. అయినా ఆయన కాలు అటు కదలలేదు.

నాన్న సుత్తి చేత్తోనే వచ్చాడు. "ఏంటి సార్, ఏమైంది?"

"ఏముందండీ, మీ అమ్మాయి పుస్తకం మీద సంఘం ముద్ర వెయ్యలేం. సాయంత్రం బండి తెస్తాను, పిల్లని తీసుకుపోతాను. 'నమ్మదగిన రికార్డు కాదు' అని రాసి సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది."

ముద్ర లేకపోతే పశువైద్యం బడిలో సీటు లేదు. ఆ సంగతి నాన్నకి తెలుసు, నాయనమ్మకి తెలుసు, పెరట్లో ఉన్న నల్లమూతికి కూడా తెలిసే ఉంటుంది, మిరప దాని చెవిలో అన్నిసార్లు చెప్పింది.

"పుస్తకం నీ దగ్గరే ఉంచుకో," అంటూ ఆయన దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "సాయంత్రంలోగా నిజం గుర్తొస్తే అందులోనే రాయి. ఖాళీ పేజీలున్నాయి."

గేటు వేసిన చప్పుడైంది. మిరప చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో సుత్తి లేకపోవడం ఒక రకంగా అందరికీ మంచిదే అయింది.

* * *

"బాబాయ్!"

బాబాయి బస్సు కండక్టరు. ఇవాళ సెలవు. పెరటి గోడ పక్కన కోళ్ళ గూడుకి తీగ చుడుతున్నాడు. గొర్రెపిల్ల కొట్టానికీ, కోళ్ళ గూటికీ మధ్య ఉన్నది ఒక్క రేకు.

"నీ కోళ్ళు ఈమధ్య బాగా ఒళ్ళు చేశాయి."

బాబాయి తీగ కింద పెట్టాడు. "ఏంటే?"

"ఏం లేదు. ఒళ్ళు చేశాయి అంటున్నా. ఏం తింటున్నాయో కనుక్కుందామని."

"ఓహో. గొర్రె తిండి కోళ్ళు తిన్నాయా? రేపు నేనే తిన్నానని కూడా అంటావు."

"నువ్వు తిన్నా తింటావురా. చిన్నప్పుడు గోడ సున్నం గీకి తిన్నావు," అంది నాయనమ్మ, గుండీల డబ్బా చంకలో పెట్టుకుని అటే వస్తూ.

"అమ్మా! నువ్వు ఆ సున్నం సంగతి ఎప్పుడు మర్చిపోతావు?"

"గోడకి ఆ గుంట పూడ్చినప్పుడు."

మామూలు రోజైతే మిరప నవ్వేది. ఇవాళ నవ్వే ఓపిక లేదు. "నవ్వులాట కాదు నాయనమ్మా! నన్ను దొంగ అన్నాడు. నా మొహం మీదే అన్నాడు. పెట్టాల్సిన దాణా నేను పెట్టాను. అది తినలేదంటే ఇంకెవరో తినాలి. ఆ రేకు కింద సందు ఉంది. కోళ్ళు దూరతాయి. నేను కళ్ళారా చూశాను."

"ఒక కోడిపెట్ట దూరింది, ఒకసారి. తోక ఇరుక్కుని అరిచి గోల చేస్తే నువ్వే లాగావు." బాబాయి గొంతు పెరిగింది. "నా కోళ్ళ మీద పడతావేంటి? ముందు మీ నాన్న కాటా సంగతి చూడు. ఆ కాటా ఎక్కిన ఇనుము సగమైపోతుందని బజారంతా చెప్పుకుంటోంది. గొర్రెపిల్ల మాత్రం సగం కాకుండా ఉంటుందా?"

అన్నాక, అనకూడని మాట అన్నానని అతనికే తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.

నాన్న కొట్టు వెనక తలుపులో నిలబడి ఉన్నాడు.

గూట్లో ఒక కోడి కొక్కొక్కో అని మొదలుపెట్టి, పరిస్థితి చూసినట్టు మానేసింది.

"బజారు అన్నదిరా?" అన్నాడు నాన్న. నెమ్మదిగానే అన్నాడు. "బజారు అన్నదా, నువ్వు అన్నావా?"

"అన్నయ్యా, మాటవరసకి..."

"ఆ కాటా మీద తూచిన ఇనుమే నిన్ను చదివించింది. తప్పుడు తూకమైతే నీ చదువూ తప్పుడు చదువే. వెళ్ళి మీ ఆఫీసులో చెప్పుకో, ఉద్యోగం వదిలెయ్యి."

"నాన్నా, అది కాదు ఇప్పుడు..."

"ఇదే ఇప్పుడు! నా ఇంట్లో నా కాటాని అంటాడా?"

ఇక మొదలైంది. కోళ్ళు, కాటా, గోడ సున్నం, చిన్నప్పుడెప్పుడో విరిగిన సైకిలు, ఎవరి గది పెద్దది, ఎవరి గది చిన్నది, అన్నీ పెరట్లోకి వచ్చాయి. గొర్రెపిల్ల ఒక్కటే ఎవరికీ గుర్తులేదు. అది కొట్టంలోంచి తల బయట పెట్టి, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు చూస్తోంది.

కుట్టుమిషను ఆగింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలత టేపు, ఇంట్లో వేసుకునే నీలం గౌను. తలుపు చెక్కకి ఆనుకుని నిలబడింది.

"ఆపండి," అంది. "తీసుకుపోతే తీసుకుపోనివ్వండి."

మిరప తను విన్నది అదేనా అన్నట్టు చూసింది. "ఏంటమ్మా?"

"గొర్రెపిల్లే కదా. తీసుకుపోనీ. ఇంతమందీ ఒకరినొకరు తిట్టుకోవడం ఎందుకు?"

"గొర్రెపిల్లే కదా!" మిరప గొంతు కీచుమంది. "దానికి సీసాతో పాలు పట్టింది నువ్వు. మిషను కింద నీ కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది నువ్వు. ఇప్పుడు గొర్రెపిల్లే కదా అంటావా? నన్ను దొంగ అన్నాడమ్మా! నువ్వు లోపల వింటూ మిషను తొక్కుకుంటూ కూర్చున్నావు. ఒక్క మాట అనలేదు. నా కూతురు అలాంటిది కాదని ఒక్క మాట!"

అమ్మ తలుపు చెక్కని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నువ్వు కూడా నమ్ముతున్నావా, నేనే అమ్ముకున్నానని?"

"అలా అనలేదు."

"మరి ఎలా అన్నావు?"

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు మళ్ళీ రాలేదు. అది వచ్చినా బాగుండేది.

* * *

నాన్న కోపం వస్తే మాట్లాడడు, పని చేస్తాడు. కొట్టులోంచి కాటాని పెరట్లోకి దొర్లించుకొచ్చాడు. నిలబడి తూచుకునే పెద్ద కాటా, గుండ్రటి అద్దం వెనక నల్లటి ముల్లు. తూకపు రాళ్ళు తెచ్చి, తమ్ముడి చేత్తోనే ఒక్కొక్కటి దాని మీద పెట్టించాడు.

"చదువు."

బాబాయి చదివాడు. రాయి మీద ఎంత ఉంటే ముల్లు అంతే చూపించింది. ఇంకో రాయి. అంతే. అన్ని రాళ్ళూ కలిపితే అంతే.

"బజారుకి చెప్పు," అన్నాడు నాన్న.

"చెబుతాలే అన్నయ్యా," అన్నాడు బాబాయి, నేల చూపులు చూస్తూ.

"సరే. కాటా మంచిదే. ఇక పిల్లని తూద్దాం. మిరపా, మీ అమ్మని పిలువు."

ఆ ఇంట్లో గొర్రెపిల్లని తూచే పద్ధతి ఒకటుంది. నల్లమూతిని కాటా మీద ఒంటరిగా నిలబెడితే ఒక్క క్షణం ఆగదు. నాన్న ఎత్తుకుంటే ఆయన చేతుల ఇనుము వాసనకి గింజుకుంటుంది. అమ్మ ఎత్తుకుంటే మాత్రం ముడుచుకుని ఊరుకుంటుంది. అందుకని ప్రతి ఆదివారం అమ్మ దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కుతుంది. నాన్న ముల్లు చూసి పైకి చదువుతాడు. అందులోంచి అమ్మ బరువు తీసేసి, మిగిలింది మిరప పుస్తకంలో రాస్తుంది. అమ్మ బరువు మొదటి పేజీలోనే రాసి ఉంది, 'పట్టుకున్నవారి బరువు' అన్న గడిలో. యాభై ఎనిమిది.

"ఇవాళ నావల్ల కాదు," అంది అమ్మ లోపల్నుంచే. "నడుం పట్టేసింది."

"ఒక్క నిమిషం వదినా," అన్నాడు బాబాయి.

"కాదన్నానా!"

అమ్మ ఎప్పుడూ అలా అరవదు. నాన్న, బాబాయి మొహమొహాలు చూసుకున్నారు. మిరప పళ్ళు బిగించింది. ఈమెకి కూడా నేను అక్కర్లేదన్నమాట, అనుకుంది. అక్కర్లేకపోతే పోనీ. ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

కాగితం కట్టలు తూచడానికి కొట్టు దూలానికి వేలాడే కొక్కెం కాటా ఒకటుంది. మిరప ఖాళీ దాణా బస్తా తెచ్చి, మూలలు కోసి, నాలుగు కాళ్ళకీ నాలుగు బొక్కలు పెట్టింది. నల్లమూతిని అందులోకి దించి, బస్తా మూతి పైన ముడివేసింది. బాబాయి ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టి కొక్కేనికి తగిలించారు.

"అబ్బో, ఏంటే ఇంత బరువు!" అన్నాడు బాబాయి.

నల్లమూతి గాల్లో కాళ్ళు వేలాడేసుకుని, దొరబాబు ఉయ్యాల ఎక్కినట్టు చుట్టూ చూసింది. నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ముప్పై ఒకటి," అని చదివాడు నాన్న. నమ్మకం కలగక కొక్కెం సర్ది, మళ్ళీ చూశాడు. "ముప్పై ఒకటే."

మిరప ఎగిరి గంతేసింది. "చూశారా! చూశారా! తింది! నేను పెట్టిందంతా తింది! దొంగ అన్నాడు, రానీ, ఇవాళ రానీ ఆయన్ని!"

"నా కోళ్ళకి క్షమాపణ చెప్పు ముందు," అన్నాడు బాబాయి.

"చెబుతా బాబాయ్, ఒక్కో కోడికీ విడివిడిగా చెబుతా!"

దాని కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తి దించుతుంటే బొచ్చు కింద వీపు గట్టిగా, నిండుగా తగిలింది. బొచ్చు పెరిగి పెరిగి లోపలి పెరుగుదల కంటికి ఆనలేదు. చేత్తో తడిమి ఉంటే తెలిసేది. సారు తడమలేదు. ఆయన వేళ్ళు కాగితాన్ని తప్ప దేన్నీ తడమవు.

నాన్న మాత్రం గంతులు వెయ్యలేదు. కొక్కెం కాటాని చూశాడు. పెరట్లో ఉన్న పెద్ద కాటాని చూశాడు. కణతల దగ్గర గోక్కున్నాడు.

* * *

బండి పొద్దు వాలకముందే వచ్చింది. వెనక తలుపు తెరిచి, తాడు చేతిలో పట్టుకుని దిగాడు సూపర్‌వైజర్.

మిరప ఆయన్ని గేటు దగ్గరే పట్టుకుంది. చెయ్యి పట్టుకోలేదు గానీ, పట్టుకున్నంత పని చేసింది. కొట్టులోకి తీసుకుపోయి, ఆయన కళ్ళెదుటే నల్లమూతిని మళ్ళీ కొక్కేనికి ఎక్కించింది.

"చదవండి సార్. మీరే చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చెవి బిళ్ళ తిప్పి నెంబరు చూశాడు. పుస్తకంలో నెంబరు చూశాడు. సరిపోయింది.

ఆయన ముఖంలో సంతోషం రాలేదు. చిక్కు వచ్చింది.

"మరి పోయిన ఆదివారం ఇరవై అని ఎందుకు రాశావు?"

"ఆ... కాటాలో అంతే వచ్చింది సార్."

"వారంలో పదకొండు కిలోలు పెరిగిందా? ఏనుగు పిల్లా ఇది?" ఆయన పుస్తకం మూశాడు. "ఇంతకుముందు దాణా అబద్ధం అనుకున్నాను. ఇప్పుడు బరువే అబద్ధమని తేలింది. తూచకుండానే ఆదివారం ఆదివారం ఒకే అంకె వేసుకుంటూ పోయావన్నమాట. ఇది ఇంకా పెద్ద తప్పమ్మా. దొంగతనం కన్నా దొంగ రాత పెద్దది."

మిరప ఒళ్ళు భగ్గుమంది. ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని మొదటి పేజీ తెరిచింది.

"దొంగ రాతా? ఇంట్లో అందరి ముందూ తూచాం సార్! అమ్మ ఎత్తుకుంది, నాన్న చదివాడు, నేను రాశాను. అమ్మ దాన్ని ఎత్తుకుని నిలబడలేక రొప్పుతుంటే, ఇరవై కిలోలకే ఇంత ఆయాసమా వదినా అని బాబాయి వెక్కిరించాడు కూడా. అడగండి! అసలు ఆ పద్ధతి మాకు చెప్పింది ఎవరు? మీరే! ఈ వాకిట్లోనే నిలబడి చెప్పారు. నేను ఎత్తుకుంటానంటే వద్దన్నారు. 'నువ్వు ఎదిగే పిల్లవి, నీ బరువు మారిపోతూ ఉంటుంది, పెద్దవాళ్ళని పట్టుకోమను. పెద్దవాళ్ళ బరువు మారదు, ఒకసారి తూచి రాసుకుంటే చాలు' అన్నారు. ఇదిగో, ఈ గడిలో యాభై ఎనిమిది అని వేసింది మీ కలంతోనే. పెద్దవాళ్ళ బరువు మార..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఆ గడి మీద పెట్టిన వేలు అక్కడే ఉండిపోయింది.

కాటా మంచిది. నల్లమూతి ముప్పై ఒకటి. పోయిన ఆదివారం ఇద్దరినీ కలిపి నాన్న చదివింది డెబ్బై ఎనిమిది. అంతకుముందు కూడా దాదాపు అంతే.

తీసివేత చిన్నది. చిన్న తరగతి పిల్లలు చేసే తీసివేత.

"ఆపావేం? చెప్పు," అన్నాడు సూపర్‌వైజర్.

మిరప గుమ్మం వైపు చూసింది. అమ్మ అక్కడ తలుపు చెక్కకి ఆనుకునే ఉంది. పొద్దుటి నుంచీ ఆమె దేనికో దానికి ఆనుకునే ఉందని మిరపకి ఇప్పుడు తోచింది. ఇవాళ ఒక్కరోజేనా, అన్నదీ తోచింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఎంత సన్నగా ఊపిందంటే, వేరేవాళ్ళైతే ఈగని తోలుకుంటోంది అనుకుంటారు. వద్దు, అని. చెప్పొద్దు.

"సార్..." మిరప మాటల కోసం తడుముకుంది. చెబితే పుస్తకం నిలుస్తుంది, ముద్ర పడుతుంది. చెప్పకపోతే దొంగ రాత. రెండూ ఆమె నాలుక మీదే ఉన్నాయి. "సార్, నేనే... లెక్క నేనే సరిగ్గా..."

"తప్పు నీది కాదు."

అన్నది నాన్న. ఆయన జీవితమంతా తూకాలే. ఆ తీసివేత ఆయన మధ్యాహ్నమే మొదలుపెట్టి ఉంటాడు. జవాబు దగ్గర ఆగి, ముందుకి పోవడానికి ధైర్యం చాలక నిలబడి ఉంటాడు.

"తమ్ముడూ, పెద్ద కాటా ఇటు జరుపు."

బాబాయి ఎందుకని అడగలేదు. కాటా చక్రాలు నేల మీద గరగరలాడాయి. అది గుమ్మం ముందు ఆగింది.

"ఏమే," అన్నాడు నాన్న, "ఎక్కు."

"ఎక్కను."

"ఒక్కసారి."

"ఎక్కనండీ. బయటివాళ్ళ ముందు ఏంటిది?"

సూపర్‌వైజర్ తాడుని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఇది మీ ఇంటి విషయంలా ఉంది. నేను మళ్ళీ..."

"ఎక్కడికి సార్?" నాన్న గేటుకి అడ్డం వెళ్ళలేదు. గొంతు ఒక్కటే అడ్డం పెట్టాడు. "నా కూతుర్ని దొంగ అన్నప్పుడు మా ఇంటి విషయం కాలేదా? అప్పుడు సంఘం విషయం, ఇప్పుడు ఇంటి విషయమా? మీరే రాశారుగా అంకె. అది ఏమైందో చూసి పొండి."

ఆయన నిలబడిపోయాడు.

నాయనమ్మ కోడలి దగ్గరికి వెళ్ళింది. మాట్లాడకుండా ఆమె గౌను పక్క కుట్టు పట్టుకుని, అంచు తిరగేసింది. లోపల గుడ్డ మడత మీద మడత ఉంది. ఒక కుట్టు, దాని లోపల ఇంకో కుట్టు, దాని లోపల మరొకటి. చివరిది కొత్త దారం. బయటికి ఒక్క ముడత లేదు. ఊరంతా మెచ్చుకునే పనితనం అది.

"ఎంత చక్కగా కుట్టావే అమ్మాయ్," అంది నాయనమ్మ. "ఇంట్లో ఇన్ని కళ్ళకి గంతలు కుట్టావు."

మిరపకి మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి అది ఎవరి మీద పడాలో దానికే తెలియలేదు. సారు మీద పడింది, నాన్న మీద పడింది, తిరిగి తిరిగి అమ్మ దగ్గరికి వచ్చింది.

"నీకు తెలుసు!" అంది. "దాన్ని ఎత్తుకునేది నువ్వు. అది ఎంత బరువెక్కిందో నీ చేతులకి తెలుసు. నేను ఇరవై అని రాస్తుంటే పక్కనే నిలబడి చూశావు. పొద్దున ఆయన నన్ను అన్ని మాటలంటుంటే నీకు తెలుసు!"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ముందు నన్ను తూస్తారు." అమ్మ కొలత టేపుని మెడలోంచి తీసి, చేతికి చుట్టుకుంటూ మాట్లాడింది. "మందులు మానేస్తే ఒంట్లో బాగుంటుందనుకున్నా. పని తగ్గిస్తే బాగుంటుందనుకున్నా. గౌను బిగించుకుంటే మళ్ళీ సరిపోయేది. ఏదో ఒక పేరు పెట్టేదాకా అది జబ్బు కాదులే అనుకున్నా."

"మందులా? ఏం మందులు?" అన్నాడు నాన్న.

అమ్మ టేపు చుట్టడం ఆపలేదు.

"ఏం మందులే? ఎవరిచ్చారు? ఎప్పుడు?"

బాబాయి గూటి వైపు తిరిగి నిలబడ్డాడు. పోయిన ఆదివారం వేసిన వెక్కిరింత గుర్తొచ్చిందేమో, అతని మెడ వెనక నరం కదులుతోంది.

"దాని పురుగులకి మందు వేసిన రోజు రాశాను," అంది మిరప. ఇప్పుడు అరవడంలేదు. "అది దగ్గితే రాశాను. ఒక పూట మేత వదిలేస్తే రాశాను. నీ కంచంలో ఎంత మిగులుతోందో నేను చూడలేదు. ఎవరం చూడలేదు. ప్రతి ఆదివారం నిన్నూ తూచాం అమ్మా. ప్రతి ఆదివారం నువ్వు ఆ కాటా మీదే ఉన్నావు."

అమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత ఆమె చేతిలో పుస్తకం వైపు చూసింది. అట్ట మీద నల్లమూతి నాకిన మరక. మొదటి పేజీ ఇంకా తెరిచే ఉంది.

"దొంగ రాత అన్నాడుగా," అంది మెల్లగా.

"అననీ అమ్మా. నాకేం వద్దు. ముద్ర వద్దు."

"నాకు కావాలి."

అమ్మ చెప్పులు విడిచింది. టేపు తీసి నాయనమ్మ చేతిలో పెట్టింది. జేబులో కత్తెర ఉంటే అదీ తీసి ఇచ్చింది, తూకంలో రవ్వంత తేడా కూడా ఉండకూడదన్నట్టు. నాన్న చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకోకుండానే, తలుపు చెక్క వదిలి, కాటా మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది.

చేతుల్లో గొర్రెపిల్ల లేకుండా ఆమె ఆ కాటా మీద నిలబడటం మొదటి రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడే.

ముల్లు కదిలింది. అటూ ఇటూ ఊగింది. సూపర్‌వైజర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, తుడవడం ఎంతకీ అవడంలేదు.

మిరప కలం మూత తీసింది. 'పట్టుకున్నవారి బరువు' గడిలో పాత అంకె మీద అడ్డగీత కొట్టింది. పక్కన చోటు చూసుకుని ఆగింది. ప్రతి ఆదివారం ఆగినట్టే ఆగింది, నాన్న గొంతు కోసం.

ముల్లు నిలబడింది.

నాన్న అద్దం మీదికి వంగాడు. చూశాడు. పెదవులు విడివడ్డాయి. మళ్ళీ కలుసుకున్నాయి.

"చదువు నాన్నా," అంది మిరప.

ఆయన చదవలేదు. అద్దం మీద అరచెయ్యి ఆన్చి, ముల్లుని మూసేశాడు.